గెడ్డ గట్టులో పరాయి రాయి

మా చిన్నప్పుడు... ఎండాకాలం పొద్దున కూడా మంచు దిగితే పక్కన నిలబడ్డ మనిషి కూడా కనిపించేవాడు కాదు. ఆ మంచులోనే అమ్మ నా చెయ్యి పట్టుకుని గెడ్డ, అంటే కొండవాగు దగ్గరికి తీసుకుపోయేది. తన నెత్తిన పెద్ద తట్ట, నా నెత్తిన చిన్న తట్ట.

తొంభై దాటిన ముసలిదాన్ని. నేను చెబుతుంటే మా మునిమనవరాలు ఫోనులో ఎక్కిస్తోంది. నా మాటల్ని బడి తెలుగులోకి సర్దుతానంది, నీ ఇష్టం అన్నాను.

అప్పటికి అరకు కొండలకి రైలు లేదు. ఉప్పు కూడా దిగువ నుంచి కావిళ్ళ మీద రావాల్సిందే. మేము తినేది చోడి, అదే రాగి అంబలి, సామ బువ్వ... వరన్నం అంటే పండగే. మా అమ్మకి ఒకటే కోరిక. గెడ్డ పక్క వాలుని చదును చేసి, రాళ్ళతో గట్టు కట్టి, నీళ్ళు నిలిపి, సొంతంగా వరి పండించాలి. ఊళ్ళో అందరూ నవ్వారు. అమ్మ కూడా వాళ్ళతో కలిసి నవ్వేసి, మర్నాడు పొద్దున్నే గునపం పట్టుకుంది.

మా నాన్నని, అయ్యని, సర్కారు వాళ్ళు ఘాటు రోడ్డు వెట్టిపనికి పట్టుకుపోయారు. ఆ రోజుల్లో రానని చెప్పే వీలు లేదు. అందుకే గట్టు పని అమ్మదీ నాదీ. వానల్లోగా పూర్తి కాకపోతే చదును చేసిన మట్టంతా గెడ్డలో కొట్టుకుపోతుంది.

చేతులు నొప్పి పుడుతున్నాయని నేను ఏడిస్తే అమ్మ ఓదార్చేది కాదు.

"నొప్పెట్టనీ. వరన్నం కావాలన్నది మన నోరే గదా. రాయి మొయ్యడానికి మాత్రం ఇంకోళ్ళ సేతులెందుకు?" అనేది.

ఒక పొద్దున వెళ్ళేసరికి గట్టు పెరిగి ఉంది...

నేను ఎగిరి గంతేశాను. అమ్మ మాత్రం వంగి రాళ్ళని తడిమింది. మా కొండల్లో గట్టు కట్టేవాళ్ళు ఎవరైనా రాయి చదును ముఖం పైకి పెడతారు, పై వరస కుదురుగా కూర్చోవాలి కాబట్టి. ఈ కొత్త రాళ్ళన్నీ బోర్లా ఉన్నాయి. మంచి ఎండాకాలం, చినుకు పడి చాలా కాలమైంది. పక్కన మా రాళ్ళు పొడిగా ఉంటే, ఆ రాళ్ళు మాత్రం తడిగా, చల్లగా ఉన్నాయి.

"ఎవులైనా సాయం సేసినారేమోనమ్మా" అన్నాను.

"మనోళ్ళైతే సెప్పి సేత్తారే గుంటా" అంది అమ్మ.

మీకు మా పద్ధతి చెప్పాలి. మా ఊళ్ళో కూలి అనేది లేదు. ఈరోజు నువ్వు నా పోడులో, అంటే కొండ చేలో, పని చేస్తే, నువ్వు పిలిచిన రోజు నేను నీ పోడుకి రావాలి. ఒంట్లో బాగోలేదన్నా కుదరదు. అది బదులు పని.

"ఆళ్ళొచ్చి మా పోడుకి రండని పిలిత్తే ఏటి సేత్తాం? ఆళ్ళ పోడు ఎక్కడుందో ఎవులికి తెలుసు?" అంది అమ్మ.

అమ్మ ఆ రాళ్ళన్నీ పీకి అవతల పడేసి, తను మోసుకొచ్చిన రాళ్ళు పెట్టింది. మర్నాడు మళ్ళీ పెరిగింది. మళ్ళీ పీకింది. కట్టిందే కట్టడం... ఒక్కోసారి మేము పని చేస్తుండగానే మంచులో అవతలి ఒడ్డు నుంచి రాయికి రాయి తగిలిన చప్పుడు వచ్చేది. మేము ఆగితే అదీ ఆగేది. అటు చూడకు, నీ పని నువ్వు చూసుకో అనేది అమ్మ.

అయ్య తిరిగొచ్చేసరికి గట్టులో ఒక్క గండే మిగిలింది. కొండ మీద మబ్బు దిగుతోంది. ముగ్గురం తెల్లారే వెళ్ళాం. గండిలో అప్పటికే పెద్ద బండ కూర్చుని ఉంది... నలుగురు పట్టినా కదలనంత బండ. తడిగా, బోర్లా.

పీకేద్దాం అంది అమ్మ. అయ్య మబ్బు వైపు చూశాడు, పుండ్లు పడ్డ అరచేతులు చూసుకున్నాడు.

"ఒగ్గీయే. ఇప్పుడు పీకితే గట్టుండదు. ఆళ్ళు బదులు పని అడిగితే నేనెల్తాన్లే."

సాయంత్రానికి వాన అందుకుంది. గట్టు నిలిచింది. ఆ ఏడు వరి పండింది. కొత్త బియ్యం వండి, కొండదేవతకి పెట్టి, కడుపునిండా తిన్నాం. అంత సంతోషం మళ్ళీ నాకు పెళ్ళిలో కూడా కలగలేదు.

కోతలయ్యాక ఒక మంచు పొద్దున గుమ్మంలో కూర్చుని అంబలి తాగుతున్నాం. అయ్య ఎవరో పిలిచినట్టు తల తిప్పాడు. నాకేమీ వినపడలేదు. అమ్మ ముఖం మాత్రం పాలిపోయింది.

"వత్తన్నా" అని బదులిచ్చి, అయ్య గునపం తీసుకుని మంచులోకి నడిచాడు. అమ్మ వెనకే పరిగెత్తింది గానీ మనిషి దొరకలేదు.

పొద్దుగూకే వేళకి వచ్చాడు. మోకాళ్ళ దాకా నల్లటి బురద. మా కొండల్లో మట్టి ఎర్రగా ఉంటుంది...

"ఏటి పని సేయించినారు?" అంది అమ్మ.

"గట్టే."

"అయిపోనాదా?"

అయ్య గునపం గోడకి ఆనించాడు. "ఇప్పుడే మొదలెట్టినారు" అన్నాడు.

వాళ్ళ రాయి మన గట్టులో ఉన్నంతకాలం పిలుస్తూనే ఉంటారని, మర్నాడు అమ్మ గునపంతో గండిలోని ఆ బండ చుట్టూ తవ్వడం మొదలుపెట్టింది. చలికాలమంతా అదే పని. నేను మట్టి ఎత్తాను. అయ్య సాయానికి వస్తే రానివ్వలేదు. మంచు పడ్డ ప్రతి పొద్దునా అయ్య గుమ్మంలో చెవి ఒగ్గి కూర్చునేవాడు, అమ్మ ఇంకా గట్టిగా తవ్వేది. చివరికి బండ దొర్లి గెడ్డలో పడింది. ఆ గండిని మా తట్టలతో తెచ్చిన చిన్న రాళ్ళతో మేమే పూడ్చాం. అన్నీ చదును ముఖం పైకే.

అయ్యకి మళ్ళీ పిలుపు రాలేదు. ఆ మడి మా మనవల దాకా అన్నం పెట్టింది.

ఇప్పుడు గట్టు కావాలంటే యంత్రం వస్తుంది, పూటలో కట్టేసి పోతుంది. మంచిదే, నడుములు విరగవు. మీ అమ్మానాన్నలు మీ చేత చేయించిన ఏ పని మీకు గుర్తుందో రాయండి, మా పిల్ల చదివి వినిపిస్తుంది. పొద్దున లేచేసరికి పని అయిపోయి ఉంటే ఈ రోజుల్లో అందరికీ సంతోషమే... ఎవరు చేశారని అడిగే అమ్మలే లేరు.