రాశి కాడ ఆఖరి మనిషి

రెంజల్ దగ్గర మా ఊళ్లో వడ్లు కొలవాలంటే రాజలింగునే పిలిచేవాళ్లు. అతని కొలతలో గింజ తేడా రాదని పేరు. కల్లంలో రాశి పడగానే ముందు చేలకు నీళ్లు పారించే నీరటికి, కమ్మరికి, వడ్రంగికి, చాకలికి, కోతకొచ్చిన కూలోళ్లకు కొలిచేవాడు. వాళ్లంతా ఎత్తుకెళ్లాక మిగిలిందే పొలం ఆసామిది. కరువు ఏడు ఆసామికి ఒట్టి పొల్లే మిగిలినా ఈ వరస మార్చేవాడు కాదు. "గదంతే. రాశి కాడ ఆసామి ఆఖరు నిలబడాలె," అనేవాడు.

ఇంత తెలిసిన మనిషి చక్కెర మిల్లు దగ్గర ఆ సంగతి ఎట్లా మరిచాడో తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

బోధన్ అవతల ఒక చిన్న ప్రైవేటు మిల్లు ఉండేది. చెరుకు వేసే రైతులకు షేర్లు అమ్మింది. అరవైల మొదట్లో రాజలింగు కొన్ని కొన్నాడు. ఏటా లాభంలో వాటా వచ్చింది, షేరు ధర కూడా పెరిగింది. ఇంకేం, మనిషి నడకే మారిపోయింది. చెరుకు బండి తోలుకుపోయినప్పుడల్లా మిల్లు గోడ మీద చెయ్యేసి, "గీ ఇటుకలల్ల నాయి గూడ ఉన్నయి," అనేవాడు. మేం పైకి నవ్వేవాళ్లం, లోపల కుళ్లుకునేవాళ్లం.

అరవై ఏడులో మిల్లువాళ్లు చెరుకు నలిపే పెద్ద మిషను పెడతామన్నారు. సగం సొమ్ము బ్యాంకు అప్పు, సగం కొత్త షేర్లు. మిల్లు తరఫున ఆత్మారాం అనే ఆయన ఊరికొచ్చి, మిషను తిరిగితే లాభం రెట్టింపు అని ఊదరగొట్టాడు. రాజలింగు కాలువ కింద ఉన్న రెండెకరాల మడి అమ్మి షేర్లు కొంటానన్నాడు. ఆ ఇంటికి కూడు పెట్టేది ఆ మడే. అది పోతే మిగిలేది వాన పడితేనే పండే రాళ్ల చెలక.

భార్య గంగమణి అడ్డం తిరిగింది. "మడి మన కండ్ల ముంగట ఉంటది. గా మిషను ఏడున్నది? ఎవలు సూసిండ్రు?"

"నీకెర్క లేదే. మిల్లుకు మనం ఆసాములం. పైస వచ్చిందంటే ముందుగాల మనకే."

"మరి అప్పిచ్చిన బ్యాంకోళ్లు ఊకుంటరా?"

"ఆళ్ల మొఖాన మిత్తి కొడితే పోతది."

మడిని పక్కింటి హన్మండ్లు కొన్నాడు.

మిషను సగం వచ్చింది. మిగతా సగం రాకముందే అరవై తొమ్మిది వచ్చింది. తెలంగాణ కావాలని ఊరూరా జనం లేచారు. బందులు, కాల్పులు, ఆగిపోయిన రైళ్లు. మేమూ జెండా పట్టాం, రాజలింగూ పట్టాడు. దాన్ని నేను తప్పనను. కానీ మిషను పెట్టెలు ఎక్కడో స్టేషన్లో పడి ఉన్నాయి, చెరుకు చేలల్లోనే ఎండింది, అప్పు మీద బ్యాంకు మిత్తి మాత్రం ఒక్కరోజు కూడా బందు పాటించలేదు. ఆ వెనకే మిల్లును సర్కారు గుంజుకుంటుందని పుకారు. రేపు ఎవరి చేతిలో ఉంటుందో తెలియని మిల్లు మీద ఎవడు డబ్బు పెడతాడు? పది రూపాయల షేరు మూడుకు పడింది.

"ఆ మూడుకైన అమ్మెయ్యి అన్నా," అన్నాను.

"ధర పడ్డదని భూమి అమ్ముకుంటరా తమ్మీ? గిది గూడ గంతే."

నిజమైన భూమిని అమ్ముకున్నవాడే ఈ మాట అన్నాడు.

డెబ్బై మూడులో మిల్లు మూతపడింది. నిజామాబాద్‌లో వాటాదారులను పిలిస్తే నేనూ అతని వెంట వెళ్లాను. మిల్లును అమ్మగా వచ్చిన సొమ్ము ఎవరెవరికి పోతుందో ఒక వకీలు చదివాడు. బ్యాంకు అప్పు, పనివాళ్ల జీతాలు, సర్కారు పన్నులు, చెరుకు బాకీలు.

రాజలింగు లేచి, "మరి మేము సార్?" అని అడిగాడు.

"మీరు ఓనర్లు కదండీ. అందరికీ ఇచ్చాక మిగిలితే మీది. ఏమీ మిగల్లేదు."

రాజలింగు అట్లాగే నిలబడిపోయాడు. చెయ్యి పట్టి లాగితే కూర్చున్నాడు. "గిది కల్లమే గద తమ్మీ," అన్నాడు మెల్లగా. "నా సేతులతోని ఎన్ని రాశులు కొలిసిన. గిదెట్ల మరిసిన?" నాకు ఏడుపొచ్చింది.

ఆ యాసంగి కోతలకు ఆలుమగలిద్దరూ హన్మండ్లు దగ్గరికి కూలికి వెళ్లారు. తమ మడిలోకే. నేనూ ఆ రోజు కల్లంలో ఉన్నాను. రాశి పడింది. కుంచం హన్మండ్లే పట్టాడు. "అన్నా, ముందుగాల నీ కూలి పట్టు," అన్నాడు. వెక్కిరింపుగా కాదు, మర్యాదగానే అన్నాడు. కూలికొచ్చినవాళ్లకు ముందు కొలవాలని అతనికి నేర్పింది రాజలింగే.

రాజలింగు కదల్లేదు. గంగమణి అతని భుజం మీది తువ్వాల గుంజి రాశి ముందు పరిచింది.

"పట్టు మరి," అంది. "ముందుగాల మనకే అన్నవు గద. పెడ్తుండ్రు."

రాజలింగు వంగి తువ్వాల కొసలు పట్టుకున్నాడు.