ఆఖరున వచ్చేవాళ్ళ కోసం కూర్చున్న ఖాలా

మా పక్కింటి ఖాలా పోయిందన్న కబురు నాకు యర్రగొండపాలెం బడిలో, ఎనిమిదో తరగతి గది గుమ్మం దగ్గర అందింది. ఆమె కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మీ పోయిందంట. ఎదురింటోళ్ళు చెప్పినారు. నేను గిద్దలూరులో బస్సెక్కినాను. నువ్వన్నా ముందు పో అక్కా" అంది. ఆ మాటలు వింటూ నేను చేతిలో ఉన్న సుద్దముక్కను డస్టర్ పక్కన పెట్టి, మళ్ళీ తీసి, మళ్ళీ పెట్టాను. పిల్లలు నన్నే చూస్తున్నారు. ఆరోజు పాఠం సగంలో ఆగిపోయింది.

ఖాలా అంటే ముస్లిముల ఇళ్ళల్లో తల్లి అక్కో చెల్లెలో. నాకు ఆమెతో చుట్టరికం ఏమీ లేదు. పెళ్ళయి మార్కాపురం వచ్చిన కొత్తలో, నాకు కుక్కరు మూత బిగుసుకుపోయి రాకపోతే, గోడ మీదుగా చెయ్యి చాచి "ఇట్ల తే అమ్మాయ్" అని తీసుకుని ఒక్క తిప్పు తిప్పి ఇచ్చింది. అప్పటి నుంచి ఆమె నాకు ఖాలా, నేను ఆమెకు అమ్మాయిని. ఆమె చేతుల్లో బలం పలకల ఫ్యాక్టరీ ఇచ్చింది. ఇరవై ఏళ్ళకు పైగా పలకలకు చెక్క అంచులు బిగించింది. ఆమె కూర్చునే చోటుకు నాలుగడుగుల దూరంలోనే రాయి కోసే మిషన్లు ఉండేవట. మీ చిన్నప్పటి పలక అంచులు బిగించిన చెయ్యి ఆమెదే అయినా కావచ్చు. ఆ మిషన్ల దుమ్మే చివరికి ఆమె ఊపిరితిత్తుల్లో కూర్చుంది.

ఇంత చెప్పాక, ఆమెకు మంచు మీద జరిగే ఆటలంటే ప్రాణమని చెబితే మీరు నమ్మరు. మా ఆయన కూడా మొదట్లో నమ్మలేదు. ఎండాకాలం బయట కాలు పెడితే బొబ్బలెక్కే ఊరు మాది. మంచు అంటే చేపల బండి మీద పొట్టు చల్లిన గడ్డ, లేకపోతే రంగు పోసిచ్చే ఐసు.

అది మొదలైన సాయంత్రం నేను అక్కడే ఉన్నాను. ఖాలా చాటలో కందిపప్పు ఏరుతోంది. టీవీలో ఏదో చానల్ దానంతటదే నడుస్తోంది. శీతాకాల ఒలింపిక్స్ ఆరంభం. ఒక్కో దేశం పేరు పిలుస్తుంటే వందలమంది కోట్లు తొడుక్కుని, నవ్వుతూ, ఫోన్లలో ఫోటోలు తీసుకుంటూ నడుస్తున్నారు. మన దేశం పేరు వినిపించి ఖాలా తలెత్తింది. జెండా వెనక గట్టిగా లెక్కపెడితే ఐదారుగురు. వాళ్ళలో ఆడేవాడు ఒక్కడే, మిగిలినవాళ్ళు వెంట వచ్చినవాళ్ళు అని వ్యాఖ్యాత ఇంగ్లీషులో అన్నాడు. నేను ఆమెకు తెలుగులో చెప్పాను.

"ఒక్కడేనా? ఇంత దేశానికి?"

"ఒక్కడే ఖాలా."

"అయ్యో, వానికి తోడెవరూ లేరే" అని చాట పక్కన పెట్టేసింది. "వాడు ఆడేది ఎప్పుడో కనుక్కో అమ్మాయ్. మనం చూద్దాం."

అంతే. అభిమానం అలా మొదలైంది. గెలుస్తాడని కాదు. ఆమెకు ఆ ఆట నియమాలు కూడా తెలియవు. ఒంటరిగా వెళ్ళిన పిల్లవాడికి ఇంటివైపు నుంచి ఒకరైనా ఉండాలన్నది ఆమె లెక్క. ఆ పోటీ రోజు సాయంత్రపు అసర్ నమాజు చేసుకుని, దుప్పటా సర్దుకుని, పీట ముందుకు జరుపుకుని కూర్చుంది. వరసగా దేశదేశాల వాళ్ళు కొండ మీద నుంచి జారుతూ వస్తున్నారు. పేరున్నవాళ్ళందరూ అయిపోయాక సగం మంది ప్రేక్షకులు లేచిపోయారు. మన పిల్లవాడి వంతు చివరి వాళ్ళలో వచ్చింది. అతను దిగుతున్నంతసేపూ ఆమె ఒక చేత్తో నా మోకాలు పట్టుకునే ఉంది. సగం దూరంలో ప్రకటనలు వేశారు. అవి అయ్యేసరికి వేరే ఆట మొదలైంది.

"అదేంది? వాడు దిగినాడో లేదో చూపియ్యరా?"

ఫోన్‌లో వెతికి చూసి, దిగాడని చెప్పాను. ఎన్నో స్థానమని అడగలేదు. "దిగినాడా, చాలు" అని పీట ఎత్తి గోడకు ఆనించింది.

తర్వాత్తర్వాత అది ఇంట్లో ఒక రివాజు అయిపోయింది. మంచు మీద జరిగే పోటీలు కేబుల్లో వచ్చేవి తక్కువ. నేనే ఫోన్‌లో వెతికి పెట్టేదాన్ని. ఒలింపిక్స్ మాత్రమే కాదు, ఆసియా పోటీలు, ప్రపంచ పోటీలు, ఎక్కడ మన వాళ్ళు ఒకరున్నా ఆమెకు కబురు చెప్పాలి. చక్రాల్లేని బల్ల మీద పడుకుని మంచు మీద జారే ఆట ఒకటుంది, అదంటే ఆమెకు భయం. "ఆ బల్లకు బ్రేకు లేదంట గదా, వాళ్ళమ్మ ఎట్ల పంపిచ్చిందో" అనేది. మా ఆయన ఒకరోజు నవ్వి, "క్రికెట్ చూడు ఖాలా, మనోళ్ళు గెలుస్తారు, నీకూ సంతోషంగా ఉంటది" అన్నాడు.

"క్రికెట్‌కు ఊరంతా ఉంది నాయనా. వీళ్ళకు నేనన్నా ఉండొద్దా?"

మా ఆయన ఆ తర్వాత ఆ ఆటల మాటకు ఎప్పుడూ నవ్వలేదు.

లద్దాఖ్ ఆడపిల్లలు మంచు మీద హాకీ ఆడతారని, మన దేశం జట్టులో ఎక్కువమంది వాళ్ళేనని తెలిసినప్పుడు ఆమె ముఖం వెలిగింది. ఒకసారి పెద్ద జట్టుతో మ్యాచ్ ఉంటే వీధిలో ఆడవాళ్ళందర్నీ పిలిచింది. రంజాన్ నెల. ఇఫ్తార్‌కు పండ్లు కోసి పళ్ళెంలో పెట్టింది. పదిమంది దాకా వచ్చారు. నా ఫోన్‌ను టీవీకి కలిపాను. మొదటి ఐదు నిమిషాలు అందరూ అరిచారు. తర్వాత గోల్ మీద గోల్ పడటం మొదలైంది. మన పిల్లలు కిందపడుతున్నారు, లేస్తున్నారు, చక్రం మాదిరి ఆ మంచు నేల చుట్టూ తిరుగుతున్నారు, కానీ బంతికి బదులు వాడే ఆ నల్ల బిళ్ళ మాత్రం ఎప్పుడూ అవతలి వాళ్ళ కర్రకే దొరుకుతోంది. ఒకావిడ కూర పొయ్యి మీద ఉందని లేచింది. ఇంకొకావిడ పాప ఏడుస్తోందని పోయింది. చివరికి ఖాలా, నేను మిగిలాం.

"కట్టేద్దామా ఖాలా?"

"ఉండనీ. ఆ గోలు కాడ నిలబడిన పిల్ల పోలేదు గదా."

ఆట అయ్యాక ఆ పిల్ల ముఖానికి ఉన్న జాలీ పైకెత్తి చెమట తుడుచుకుంది. "దానికి నీళ్ళన్నా ఇచ్చినారో లేదో" అంది ఖాలా. మిగిలిన పండ్లు మేమిద్దరం తిన్నాం.

మరుసటి రోజు నా చేత ఒక కబురు రాయించింది. ఫోన్‌లో ఆ పిల్ల ఫోటో వెతికించి, దాని కింద పెట్టమంది. "మార్కాపురం నుంచి ఒక ఖాలా రాయిస్తాంది. నువ్వు నిలబడిన తీరు నేను చూసినాను. చలిలో జాగ్రత్త" అని. నేను హిందీలోకి మార్చి పెట్టాను. జవాబు రాలేదు. వాళ్ళకు ఎన్ని వస్తాయో, మాది ఆ పిల్ల కంటపడిందో లేదో కూడా తెలియదు. మూడు నెలలు ఆమె "రాసిందా?" అని అడిగింది. తర్వాత అడగడం మానేసింది.

దగ్గు అంతకుముందే ఉంది. ఆ ఏడు ఎక్కువైంది. కూతురూ నేనూ కలిసి హైదరాబాదుకు తీసుకెళ్ళాం. ఎక్స్‌రే చూసిన డాక్టరు మాకేసి కాకుండా బల్లకేసి చూస్తూ మాట్లాడాడు. లోపల గట్టిపడిన చోటు మళ్ళీ మెత్తబడదన్నాడు. మందులు ఆయాసానికే గాని జబ్బుకు కావన్నాడు.  బయటికొచ్చాక ఖాలా ఆటోలో కూర్చుని, "ఈ ఊర్లో ఒక బజారులో మంచు గది ఉందన్నావే, అందులో జారతారంట గదా" అంది.

ఉంది. పెద్ద దుకాణాల భవనంలో, పై అంతస్తులో, పిల్లలు స్కేటింగు చేసే మంచు నేల. లిఫ్టులో తీసుకెళ్ళాం. ఆమెకు అప్పటికే నాలుగడుగులకోసారి ఆగాల్సి వస్తోంది. తీరా పోతే అద్దం తలుపు మీద కాగితం అంటించి ఉంది, మిషన్ చెడిపోయింది, మరమ్మతు అయ్యేదాకా మూత అని. లోపల ఒకాయన నేల తుడుస్తున్నాడు. నేను బతిమాలితే తలుపు తీశాడు. మంచంతా కరిగి, నీళ్ళు తోడేసి, తడి నేల మిగిలింది. ఖాలా మెల్లగా వంగి, అరచెయ్యి దాని మీద పెట్టింది. కాసేపు అలాగే ఉంచింది.

"ఇది ఉత్త తడే గదమ్మాయ్" అంది.

ఇంకోసారి వద్దాం ఖాలా అన్నాను. ఆమె నన్ను చూసి నవ్వింది. ఆ ఇంకోసారి లేదని ఇద్దరికీ తెలుసు.

పోయిన చలికాలానికి ఆమె మంచం దిగలేదు. ముక్కుకు గొట్టం, తల దగ్గర గాలి మిషన్. కూతురు వారానికి నాలుగు రోజులు వచ్చి ఉండేది. మిగిలిన రోజులు నేను, ఎదురింటివాళ్ళు. ఆ రోజుల్లోనే యూరప్‌లో ఎక్కడో మంచు కొండ మీద పోటీ ఉంది. మన వాడు ఒకడున్నాడు. ఆమె చూడలేకపోయింది, వెలుతురు కళ్ళకు పడటం లేదు. నేను వంటింట్లో నిలబడి ఫోన్‌లో చూశాను. రెండో మలుపు దగ్గర పడ్డాడు. కర్ర ఒకటి ఎగిరి దూరంగా పోయింది. వెంటనే కెమెరా పైన సిద్ధంగా ఉన్న తర్వాతి వాడి మీదికి పోయింది.

నేను లోపలికి వచ్చాను.

"దిగినాడా?"

"దిగినాడు ఖాలా. కడదాకా దిగినాడు."

"ఎన్నో నంబరు?"

అన్నాళ్ళలో ఆమె ఎప్పుడూ నంబరు అడగలేదు. నాకు ఏ అంకె నోటికి రాలేదు.

"అబద్ధం చెప్పేటప్పుడు నంబరు గూడా అనుకొని రావాలమ్మాయ్" అంది, గొట్టం సర్దుకుంటూ. "పడినాడా?"

"పడినాడు."

"లేచినాడా?"

"తెలియదు ఖాలా. చూపియ్యలేదు."

 ఆమె గోడవైపు తిరిగి, "ఇన్నేళ్ళు చూసినాను. ఒకరు చూస్తన్నట్టు వాళ్ళకు తెలుసా అమ్మాయ్?" అని అడిగింది.

నేను పిల్లలకు పాఠాలు చెప్పి బతికేదాన్ని. ఏదో ఒకటి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. తెలుసని అనడానికి నోరు రాలేదు. ఒక అబద్ధం అప్పటికే పట్టుబడింది.

ఆ తర్వాత ఆమె ఆటల మాట ఎత్తలేదు. నేను చెప్పబోతే "పోనీలే" అనేది. ఆ మాటకు నాకు దగ్గు కన్నా ఎక్కువ భయం వేసింది.

చివరి రోజు పొద్దున బస్సుకు ఆలస్యమైంది. సంచీ భుజాన వేసుకుని వాళ్ళ కిటికీ దాటుతుంటే లోపలి నుంచి "అమ్మాయ్" అని వినబడింది. గట్టిగా కాదు, మామూలుగానే పిలిచింది. "సాయంత్రం వస్తా ఖాలా" అని నడుస్తూనే అన్నాను. ఎదురింటావిడ తొమ్మిదింటికి టీ తీసుకెళ్ళి చూసేసరికి అయిపోయింది. ఆమె ఎందుకు పిలిచిందో, మంచినీళ్ళకో, దుప్పటి జారిందనో, ఊరికే పలకరించడానికో, ఇక నాకు తెలిసే దారి లేదు. దాని గురించి నాకెవరూ సర్దిచెప్పవద్దు. చాలామంది చెప్పి చూశారు.

నేను ఇల్లు చేరేసరికి స్నానం చేయించి తెల్లగుడ్డ చుట్టారు. ముఖం చూపించారు. పనిరోజు కాబట్టి మగవాళ్ళు ఎక్కువమంది లేరు. జనాజా సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడ్డాను. బజారులో ఒకరిద్దరు దుకాణాల మెట్లు దిగి భుజం కలిపారని తర్వాత మా ఆయన చెప్పాడు.

నలభై రోజులయ్యాక కూతురు ఇల్లు ఖాళీ చేసింది. గిన్నెలు కొన్ని నాకిచ్చింది, వద్దన్నా వినకుండా. టీవీని గిద్దలూరు తీసుకెళ్తానంది. సామాన్ల ఆటో వెనక, పరుపుల చుట్టల మధ్య, అద్దం మా వైపుకు ఉండేలా దాన్ని ఇరికించి తాడు కట్టారు. ఆటో కదిలింది. ఆ నల్లటి అద్దంలో మా సందు కనిపించింది. కరెంటు స్తంభం, తాళం వేసిన తలుపు, గుమ్మంలో నేను. ఆటో పోతున్న కొద్దీ అందరం చిన్నగా అయిపోతూ, ఆ గతుకులకు అటూ ఇటూ ఊగుతూ, మలుపు దగ్గర ఒక్కసారి ఎండ మెరిసి, ఇక ఏమీ కనిపించలేదు.