బకెట్ నీళ్ళలో తేలిన చెక్క చేప

చిత్తూరులో ఒక జూనియర్ కాలేజీ ఫిజిక్స్ ల్యాబులో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. తిరుపతిలో అక్క ఉందని, ఆమె ఇంటికి రెండు వీధుల అవతల మేడమీద చిన్న పోర్షను అద్దెకు తీసుకుని వచ్చేశాను. ఏడాది తిరగకముందే అక్క పోయింది. బావ అంతకుముందే లేడు. వాళ్ళకు పిల్లల్లేరు. సామాను మళ్ళీ మూటగట్టే ఓపిక లేక నేను అక్కడే ఉండిపోయాను.

కొన్ని రోజులు సాయంత్రం దాకా నోరు విప్పాల్సిన పనే పడేది కాదు. ఒకరోజు కూరగాయల బండి దగ్గర వంకాయలు ఎంత అని అడగబోతే గొంతు పెగల్లేదు. రెండుసార్లు దగ్గి, సరిచేసుకుని అడిగాను. బండివాడు పట్టించుకోలేదు కానీ నాకు భయం వేసింది.

ఆ వారమే మంచం కోడు విరిగి, చెక్క కోసం మా వీధి చివరి టింబర్ డిపోకి వెళ్ళాను. డిపో నడిపేది అరవై దాటిన ఒక ముస్లిం పెద్దాయన. అందరిలాగే నేనూ ఆయన్ని భాయ్ అనేదాన్ని. మూలలో గుడ్డ కప్పిన చిన్న మిషన్ కనపడితే ఏమిటని అడిగాను.

"స్క్రోల్ సా అమ్మా. మా తమ్ముడు దీంతో బొమ్మలు కోస్తా ఉండె. వాడు పోయినాక ఎవురూ ముట్టలేదు" అన్నాడు.

గుడ్డ తీసి చూశాను. దారమంత సన్నటి రంపం నిలువుగా బిగించి ఉంది. కుట్టుమిషన్ సూదిలా అది పైకీ కిందికీ ఆడుతుంది, మనం చెక్కను తిప్పుకుంటూ పోవాలి. గాజు గొట్టాలు వంచి, తీగలు అతికి బతికినదాన్ని కదా, నా చేతులు ఊరుకోలేదు. వారం తిరిగేసరికి ఆ మిషన్ నా ఇంట్లో ఉంది. దాంతోపాటు వాళ్ళ తమ్ముడు గీసుకున్న కాగితం ఒకటే దొరికింది. దానిమీద చేప ఉంది. అందుకే చేపలు కోయడం మొదలుపెట్టాను తప్ప వేరే కారణమేమీ లేదు.

ఒక్క పలక కోస్తే సన్న రంపం కింద అది అదిరి చీలిపోయేది. భాయే చెప్పాడు, పలకలు దొంతరగా పేర్చి కోయమని. రెండు టేకు పలకలు, రెండు జిట్రేగి పలకలు ఒకదానిమీద ఒకటి పెట్టి, మధ్యలో రెండువైపులా అంటుకునే టేపు వేసి, పైన చేప బొమ్మ అంటించేదాన్ని. కన్ను దగ్గర బెజ్జం వేసి, రెక్కలూ తోకా వేరుచేసి, చివరికి ఒళ్ళంతా చుట్టూ కోసేదాన్ని. టేపు ఊడదీస్తే నాలుగు చేపలు అచ్చు ఒకేలా వచ్చేవి. అప్పుడు రెక్కలు మార్చాలి. పసుపుపచ్చ టేకు ఒంటికి నల్లటి జిట్రేగి రెక్కలు, నల్ల ఒంటికి టేకు రెక్కలు. జిగురు ఆరాక ఉప్పుకాగితం పెట్టి రుద్దితే చేత్తో తడుముతూ కూర్చోవాలనిపించేది.

ఒకేసారి నాలుగొచ్చేవి. నాకు ఒకటి చాలు. తక్కినవి ఎవరికివ్వాలో తోచక అలమరలో పెట్టేదాన్ని.

ఇలా ఉండగా, నాతోపాటు ల్యాబులో పనిచేసినామె శ్రీకాళహస్తిలో ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి రమ్మంది. నచ్చింది తీసుకుంటుందని కొత్త చేపలు నాలుగూ గుడ్డసంచిలో వేసుకుని బస్సెక్కాను. ఆమె నన్ను చూసి నిజంగానే సంతోషపడింది. పైనున్న చేప తీసుకుని, "భలే ఉండాది అక్కా" అని ఎవరి చేతికో ఇచ్చింది. వాళ్ళు దాన్ని స్టీలు సామాను పక్కన పెట్టారు. ఇంతలో ఎవరో పిలిస్తే ఆమె వెళ్ళిపోయింది. తప్పు కాదు, ఇంటినిండా చుట్టాలు. భోజనాల బల్ల దగ్గర పక్కనున్నావిడ, "మీవాళ్ళు రాలేదా?" అని అడిగింది. రాలేదన్నాను.

తిన్నాక పొద్దుపోక పెరట్లోకి వెళ్ళాను. అక్కడ వడ్రంగి చివరి తలుపుకు పాలిష్ పెడుతున్నాడు. పక్కన వేగిస చెక్క ముక్కలు ఎర్రగా పడున్నాయి. అడిగితే, "పొయ్యిలోకే కదమ్మా, ఎత్తుకుపో" అన్నాడు. అరడజను ముక్కలు సంచిలో వేసుకున్నాను. ఆ ఇంట్లో నేను ఎక్కువసేపు మాట్లాడింది అతనితోనే.

తిరుగు దారిలో చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపారు. ఒక కానిస్టేబుల్ ఎక్కి సంచులు చూస్తూ వచ్చి, నా సంచిలోంచి ఎర్రటి ముక్క బయటికి తీశాడు. 

"దిగండి మేడం, మా సార్ చూడాల."

దిగాను. కాసేపు చూసి బస్సు వెళ్ళిపోయింది. ఆఫీసరు మర్యాదస్తుడే. కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. "ఎర్రచందనం మాదిరి ఉండాది. మాకు అనుమానం వస్తే వదిలేదానికి లేదు" అన్నాడు. వడ్రంగి ఇచ్చాడని చెప్పాను. అతని పేరు తెలియదు. గృహప్రవేశం చేసుకున్నామెకు మూడుసార్లు ఫోన్ చేశాను. ఆ సందడిలో ఎత్తలేదు.

"మీ ఇంట్లోవాళ్ళను పిలిపించండి. వచ్చి ఒక మాట చెప్పి, సంతకం పెడితే పంపిస్తాము."

ఫోన్ తెరిచి పేర్లు చూసుకుంటూ పోయాను. గ్యాసు. కరెంటు మెకానిక్. కాలేజీ ఆఫీసు. అక్క నంబరు, ఇంకా తీసెయ్యలేదు. ఇంటి ఓనరు బెంగుళూరులో ఉంటాడు. ఆఫీసరు నా ముఖం చూడకుండా కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఎర్రచందనం అన్నప్పుడు నాకు కలగని సిగ్గు అప్పుడు కలిగింది. చివరికి టింబర్ డిపో నంబరు నొక్కాను.

"భాయ్, నేను... చేపలు కోసేదాన్ని" అని మొదలుపెట్టి, గడగడా చెప్పేశాను.

ఆయన ఎందుకు, ఏమిటి అనలేదు. "ఆడే కూసో అమ్మా. వస్తా ఉండా" అన్నాడు.

ముప్పావు గంటకు పాత స్కూటరు మీద వచ్చాడు. డిపో మూసి వచ్చినట్టున్నాడు, చొక్కా మీద రంపంపొట్టు అలాగే ఉంది. ముక్క చేతిలోకి తీసుకుని, గోటితో గీకి, ఆఫీసరుతో "సార్, ఒక బకెట్ నీళ్ళు తెప్పించండి" అన్నాడు.

నీళ్ళొచ్చాయి. ముక్క అందులో వేశాడు. అది మునిగి, పైకి లేచి, తేలింది.

"మంచి ఎర్రచందనమైతే రాయి పడినట్టు అడుక్కు పోతాది. ఇది వేగిస. కాసేపుండండి, నీళ్ళకు రంగు దిగుతాది" అన్నాడు. తరవాత నా సంచిలోంచి ఒక చేప తీసి, అడక్కుండానే దాన్నీ నీళ్ళలో వదిలాడు. నల్ల రెక్కల టేకు చేప బకెట్లో పక్కకు ఒరిగి అటూ ఇటూ ఊగింది. కానిస్టేబుల్ వంగి చూసి, "సార్, చూడండి, ఈదతా ఉండాది" అన్నాడు. ఆఫీసరు నవ్వాడు. నేనూ నవ్వబోయాను, కానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

భాయ్ కాగితం మీద సంతకం పెట్టాడు. మీకేమవుతారని ఆఫీసరు అడిగితే, "మా గిరాకీ సార్, మా వీధే" అన్నాడు. అంతకంటే ఏముంది చెప్పడానికి?

నన్ను బస్సెక్కించడానికి రోడ్డు పక్కన నాతోపాటు నిలబడ్డాడు.

"ఇంట్లోవాళ్ళు భయపడతా ఉంటారేమో, ఫోన్ చేసి చెప్పమ్మా."

"ఇంట్లో ఎవరూ లేరు భాయ్. నేనొక్కదాన్నే. మీ నంబరు తప్ప ఇంకేదీ తోచలేదు."

ఏడాదిగా ఆయన దగ్గర చెక్క కొంటున్నాను. అయినా ఈ మాట ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు.

"మంచి పని చేసినావు" అన్నాడు. "మా ఇంటామె నంబరు గూడా రాసుకో. నాకు మిషన్ మోతలో ఒక్కోసారి వినపడదు."

బస్సు వచ్చేలోగా తడిచేపను కొంగుతో తుడిచి ఆయనకిచ్చాను. వద్దనకుండా తీసుకున్నాడు.

మర్నాడు సాయంత్రం ఏదో కొత్త నంబరు నుంచి ఫోన్ వచ్చింది. భాయ్ భార్య. సగం ఉర్దూ, సగం తెలుగు. చేప గోడకు తగిలించామని చెప్పి, "ఏం వండినావు?" అని అడిగింది. పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకున్నానని చెప్పడానికి మొహమాటమేసి, పప్పు అని అబద్ధం చెప్పాను.

ఇప్పటికీ అప్పుడప్పుడూ చేస్తుంది. రెండు నిమిషాలు మాట్లాడి పెట్టేస్తుంది. అడుగుతుందేమోనని సాయంత్రం ఏదో ఒకటి వండుకుంటున్నాను. ఫోన్ రాని రోజులే ఎక్కువ. ఆ రోజుల్లో కూడా వండుకున్నదంతా తింటున్నాను.