హేమలత పెట్టెలోని చీటీలు

హేమలత చీటీలు తీసింది నేనే. ముప్పై ఏడు చీటీలు, రబ్బరు బ్యాండు వేసిన కట్ట. శనివారం ఉదయం టీ విరామంలో అందరూ కింద బిస్కెట్ల దగ్గర ఉండగా, ఆమె అట్టపెట్టెలోంచి తీసి నా కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను.

ఏడేళ్ళయింది. ఇరవై రెండేళ్ళు షెఫీల్డ్‌లో ఆసుపత్రి లాండ్రీలో తడి దుప్పట్ల బండ్లు తోసినవాణ్ణి. బరువంటే నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. తడి దుప్పటైనా ఆరితే తేలికవుతుంది. ఇది ఆరలేదు.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోబట్టే చెప్పగలుగుతున్నాను.

నేను ఎనిమిదో తరగతితో చదువు ఆపినవాణ్ణి. గుంటూరులో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా చేశాను. సీసపు అక్షరాలు ఏరి పేర్చడం, ప్రూఫులో తప్పులు పట్టడం నా పని. ఈ దేశం వచ్చాక, ఎవరో పారేసిన హీబ్రూ నిఘంటువు ఒకటి చేతికి దొరికింది. అక్షరమంటే నాకు పిచ్చి. పదకొండేళ్ళు ఎవరి సాయమూ లేకుండా కూచుని నేర్చుకున్నాను, ఆ పైన దాని చుట్టం అరామిక్ కూడా. రెండింటి మధ్యా హల్లులు ఎలా మారతాయో నాకు నేనే కనిపెట్టినప్పుడు, వంటింట్లో ఒక్కణ్ణే చప్పట్లు కొట్టాను. బంగారం హీబ్రూలో జహాబ్, అరామిక్‌లో దహబ్. ఎద్దు అక్కడ షోర్, ఇక్కడ తోర్. అక్కడ జ అయితే ఇక్కడ ద, అక్కడ ష అయితే ఇక్కడ త. వరస తప్పదు.

డిగ్రీలున్నవాళ్ళకి ఇది మొదటి నెల పాఠమట. కావచ్చు. వాళ్ళకి ఒకరు చెప్పారు. నాకు ఎవరు చెప్పారు?

లైబ్రరీ పై గదిలో కౌన్సిల్ వాళ్ళు ఈ రెండు భాషలకీ శనివారం క్లాసు పెడితే మొదట చేరింది నేనే. మా టీచరు గ్లాస్గో ఆవిడ, రిటైరైన లెక్చరర్. ఆవిడ పద్ధతి ఒకటే. ఒక చీటీకి ఒక మాట. ముందువైపు రెండు భాషల రూపాలూ పక్కపక్కన రాయాలి. వెనక వైపు అది ఏ పుస్తకంలో, ఏ పేజీలో దొరికిందో రాయాలి. వెనక ఖాళీగా ఉన్న చీటీని చీటీగానే లెక్కపెట్టేది కాదు. మా పెట్టెలన్నీ ఒక బీరువాలో ఉండేవి. తాళంచెవి నా దగ్గర. నేను పాతకాపుని కదా.

మూడో ఏడు హేమలత వచ్చింది. హిందూపురం వైపు పిల్ల, భర్త సాఫ్ట్‌వేరు, ఒక చిన్న కూతురు. నేను జ, ద వరస చెప్పబోతుంటే ఆమె నవ్వింది.

"ఇంతేనా అంకుల్? మా ఊరు దాటితే కన్నడమోళ్ళు పాలును హాలు అంటారు, పులిని హులి అంటారు. ఇదీ అట్లనే కదా!"

పదకొండేళ్ళు. ఆమెకి ఒక్క నవ్వు పట్టింది. నేను అద్దాలు అరగదీసుకుని వెతికింది, ఆమె చిన్నప్పుడు పాలవాడి దగ్గర వినేసింది. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తినలేదు. ఎవరి మీద కోపం? పాలవాడి మీదా?

ఇంకోటి చెప్పాలి, ఇది మరీ కష్టం. నా నిఘంటువులో వరసకి లొంగని మాటలు కొన్ని ఉండేవి. కాపలా కాయడమంటే, అక్కడ స అయితే ఇక్కడ ట అనే వరస ప్రకారం, హీబ్రూలో నాసర్, అరామిక్‌లో నాటర్. కానీ హీబ్రూలోనే నాసర్ పక్కన నాటర్ కూడా కనిపించేది. అలాంటి ప్రతిదాని పక్కనా నేను ఎర్ర పెన్సిలుతో 'అచ్చుతప్పు' అని రాశాను. ప్రెస్సు బుద్ధి. తప్పు కనిపిస్తే కంపోజిటర్‌దే అనుకునే బుద్ధి.

ఆ పేజీలు హేమలత తిరగేసింది. "అన్నీ అచ్చుతప్పులంటే ఎట్ల అంకుల్? ఇవి అరామిక్ నుంచి హీబ్రూ ఇంటికి ఇల్లరికం వచ్చిన మాటల మాదిరి ఉండాయి."

అదే మాట ఆమె ఇంగ్లీషులో చెబితే టీచరు కుర్చీలోంచి లేచి నిలబడింది. నా కోసం ఆవిడ ఎప్పుడూ లేవలేదు.

ఆ ఇల్లరికపు మాటలే హేమలత ముప్పై ఏడు చీటీలు. వాటితో వ్యాసం రాసింది. పాత చదువు లెక్కచూడకుండా యూనివర్సిటీలో సీటు ఇవ్వమని టీచరు ఆమె కోసం ఉత్తరం రాసింది. ఇంటర్వ్యూకి చీటీలు తెమ్మన్నారు. ఇంటర్వ్యూ బుధవారం. నేను తీసింది దాని ముందు శనివారం.

పారేయాలని కాదు. చూసి పెట్టేద్దామనే, అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. జేబు గుండీ పెట్టుకున్నాను కదా. చూసి పెట్టేసేవాడు గుండీ ఎందుకు పెట్టుకుంటాడు?

సోమవారం ఆమె మా ఇంటికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది.

"అంకుల్, బీరువాలో బాగా చూస్తిరా?"

"చూశానమ్మా. లేవు. ఇంటికి తీసుకెళ్ళావేమో."

"అట్లయితే పాపే తీసుంటాది. కాగితాలు కనపడితే బొమ్మలేస్తాది. అడిగితే నో మమ్, నో మమ్ అంటాది. రెండు దెబ్బలు తగిలించినా. ఇంగ ఏం చేసేది?"

జేబులో ఆ కట్టతోనే కోటు ఆమె పక్కన, తలుపు కొక్కేనికి వేలాడుతోంది. "టీ తాగి వెళ్ళమ్మా," అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో నా నోటికి!

ఇంటర్వ్యూలో ఏ మాట ఎక్కడ దొరికిందని వాళ్ళు అడిగితే ఆమె చూపించలేకపోయింది. సీటు రాలేదు. క్లాసు మానేసింది. తర్వాత భర్త ఉద్యోగం మారి లండన్‌లో స్టాన్‌మోర్‌కి వెళ్ళిపోయారు. నాకు సంతోషం కలిగిందా? కలిగింది. రెండు శనివారాలు. మూడో శనివారం టీచరు నా పెట్టె తెరిచి, రెండు చీటీలు వెనక్కి తిప్పి చూసి, మూసేసింది. ఉన్న ఒక్క పోటీదారునీ పంపించేసినా నేను మొదటివాణ్ణి కాలేదు.

మొన్న చలికాలం టీచరు పోయింది. అంత్యక్రియలయ్యాక శాండ్‌విచ్‌ల దగ్గర పాత క్లాసుమేటు ఒకాయన అన్నాడు, టీచరు చివరిదాకా హేమలతని తలుచుకునేదని. "తెలివైనదే, కానీ అజాగ్రత్త" అనేదట. అజాగ్రత్త! ప్రతి చీటీ వెనకా పుస్తకం, పేజీ, పంక్తితో సహా రాసుకున్న మనిషి. ఆ మాట ఆమె మీద వేసింది నేను. తుడిచే మనిషి ఇప్పుడు లేదు.

వారం తిరక్కుండా, ఆయన దగ్గరే అడ్రసు తీసుకుని, హేమలతకి కట్ట పోస్టు చేశాను, జరిగిందంతా ఉత్తరంలో రాసి. ఒక్కటి మాత్రం రాయలేదు. ఈ ఏడేళ్ళలో ఆమె దారినే వెతికి, నేను కూడా పద్దెనిమిది చీటీలు రాశాను. అవీ ఆ కట్టలో కలిపాను. ఎందుకు? ఆమె చూసి 'బాగుండాయి అంకుల్' అంటుందనా? ఈ వయసులో, ఆ ఉత్తరంలో కూడానా?

క్షమిస్తుందని రాయలేదు. క్షమిస్తే ఏం చేసుకోవాలో కూడా నాకు తెలియదు. డబ్బాలో కవరు వేశాక రోడ్డు మీద నిలబడి ఊపిరి పూర్తిగా తీసుకున్నాను. అంతవరకే నాకు దక్కింది. మూడు వారాలకి జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు ఇక్కడ దించుతున్నాను:

"అంకుల్, చీటీలు అందినాయి. నావి ముప్పై ఏడూ ఉండాయి. మీవి పద్దెనిమిది వాటిల్లో కలిసినాయి. వేరు చేసి వాపసు పంపిస్తాండా. వాటి వెనక ఏమీ రాయలేదు మీరు. మీ జాబు పాపకు ఇంగ్లీషులో చెప్పినా. ఇప్పుడు సెకండరీ స్కూలుకు పోతాది. 'ఐ టోల్డ్ యూ, మమ్' అనింది. పాపకు మీరు వేరే జాబు రాయాల. దానికి తెలుగు చదవను రాదు. ఇంగ్లీషులో రాయండి."