సగం తల

వర్లీన్ టార్వర్ ఎవరి పొలంలోనూ పత్తి ఏరదు, ఏ దొరసాని వంటింట్లోనూ గిన్నెలు కడగదు. మొగుడు పోయాక తన వంటింట్లో పొయ్యి పక్కనే ఓ కుర్చీ వేసుకుని, ఇనుప దువ్వెన వేడి చేసి నల్ల ఆడవాళ్ళ ఉంగరాల జుట్టు సాపు చేయడం మొదలుపెట్టింది. ఆ కుర్చీలో తెల్లవాళ్ళెవరూ కూర్చోరు కనుక ఆమెను పనిలోంచి తీసేసే తెల్లవాడూ లేడు. అలబామా పత్తి పల్లెల్లో అంతకన్నా పెద్ద ఆస్తి ఏముంటుంది? అందుకే 1965 వేసవిలో, ఓటర్లుగా పేర్లు రాయించుకునేందుకు జనాన్ని కోర్టుకు కదిలించే పని ఆమె నెత్తిన పడింది. ముందు నిలవాల్సిన చర్చి పాస్టరుగారికేమో సరిగ్గా అప్పుడే నడుంనొప్పి వచ్చింది.

వర్లీన్ సగం తల సాపు చేసి, దువ్వెన పక్కన పెట్టి, "సోమవారం కోర్టుకు వస్తావా?" అని అడిగేది. సగం తలతో ఆదివారం చర్చికి ఎవరు వెళ్తారు? అందరూ ఒప్పుకునేవారు. సోమవారం ఒక్కరూ వచ్చేవారు కాదు.

ఆ శనివారం కుర్చీలో ఓజెల్లా కూర్చుంది. చర్చి గుమ్మంలో తెల్ల చేతి తొడుగులు వేసుకుని జనాన్ని వరసల్లో కూర్చోబెట్టే ఆడవాళ్ళకు ఆమే పెద్ద. ఆమె కదిలితే వాళ్ళంతా కదులుతారు. లేదంటే వర్లీన్ ఈసారీ ఒంటరిగా కోర్టు మెట్లెక్కాల్సిందే.

"ఏంటే, దువ్వెన పక్కన పెట్టేశావ్?"

"కోర్టుకు వస్తావా వదినా?"

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మేముండే ఇల్లు దొరది. నేనక్కడ పేరు రాయించుకునేలోపే మా మంచాలు రోడ్డు మీద ఉంటాయి."

"అయితే ఈ తలతోనే వెళ్ళు. పాటలు పాడేవాళ్ళు దేవుణ్ణి వదిలేసి నిన్నే చూస్తారు."

ఓజెల్లా పడీపడీ నవ్వింది. నవ్వాపి, "మా దొర కూడా ఇంతేనే. పైరు సగంలో ఉండగా ఏదడిగినా తలూపాల్సిందే, వదిలేసి పోలేం కదా. నువ్వు ఎవరి దగ్గర నేర్చుకున్నావో ఇప్పుడు తెలిసింది," అంది.

వర్లీన్‌కు చురుక్కుమంది. దువ్వెన వేడి చేసి మిగతా సగం సాపు చేసింది, చెవుల అంచుల దాకా, ఎప్పటికన్నా ఓపిగ్గా.

"అయిపోయింది వదినా. సోమవారం సంగతి నీ ఇష్టం."

"అదీ, అలా అడగాలి," అని ఓజెల్లా టోపీ పెట్టుకుంది. వస్తానని మాత్రం అనలేదు.

సోమవారం ఒకటే వాన. కోర్టు మెట్ల మీద వర్లీన్ ఒక్కతే తడుస్తూ నిలబడింది. కాసేపటికి ఓ పాత ట్రక్కు వచ్చి ఆగింది. వెనక నిండా తెల్ల బట్టల్లో, తెల్ల తొడుగుల్లో చర్చి ఆడవాళ్ళు. ముందు దిగింది ఓజెల్లా.

గుమాస్తా తలుపు ఓరగా తీసి, "లోపల చోటు లేదు. వానలో తడవకండి, ఇళ్ళకెళ్ళండి," అన్నాడు. ఎంత ప్రేమో!

ఓజెల్లా చర్చిలో చేసినట్టే చెయ్యెత్తి అందరినీ గోడ వెంట ఇద్దరిద్దరుగా నిలబెట్టింది. ఆ చెయ్యి దిగేదాకా ఒక్కరూ కదలరు. అది గుమాస్తాకు తెలియదు పాపం.

వానకు ఆమె జుట్టు మళ్ళీ ఉంగరాలు తిరిగి పైకి లేచింది.

"అయ్యో వదినా, నీ తల!"

"తలకేమైందే, బాగానే ఉంది. మంచాలు నిన్ననే మా తమ్ముడింటికి చేర్చేశాం, దొరకు ఆ శ్రమెందుకని. మాటలాపి వరసలోకి రా."

మధ్యాహ్నానికి తలుపు తెరుచుకుంది. అందరికన్నా ముందు ఓజెల్లా లోపలికి వెళ్ళింది.