గుడ్డ కప్పిన బీరపూలు

బీరపువ్వు పగలు విచ్చుకోదు. ఈ సంగతి నాకు డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్న ఏడాదిలో గాని తెలియలేదు. సాయంత్రం మిద్దె మీద ఆరేసిన బట్టలు తీయడానికి వెళ్లి, వాటిని భుజం మీద వేసుకుని, కిందికి దిగాలనిపించక నీళ్ల ట్యాంకు పక్కన కూర్చునేదాన్ని. వనపర్తి గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న పుస్తకం ఏదో ఒకటి చేతిలో ఉండేది. కింద చదివితే వచ్చేపోయేవాళ్లు ఏం చదువుతున్నావని అడుగుతారు. చెప్పాల్సి వస్తుంది. మీద ఆ బాధ లేదు. అక్షరాలు మసకబారి తలెత్తితే, అప్పటిదాకా ఆకుల్లో కలిసిపోయి ఉన్న మొగ్గలు పసుపుపచ్చగా తెరుచుకుని ఉండేవి. ఎప్పుడు తెరుచుకున్నాయో మొదట్లో ఒక్కరోజూ పట్టుకోలేకపోయాను. చదువుతున్న పేజీలో నుంచే ఎవరో లేచి వెళ్లి దీపాలు పెట్టి వచ్చినట్టు అనిపించేది.

ఆ తీగ మా అవ్వది. అవ్వ అంటే మా నాన్న తల్లి. పెద్దమందడి వైపు పల్లెలో ఉన్నన్నాళ్లూ ఆమె గింజలు కొన్నది లేదు. ఏటా ఒక కాయను తీగకే ఎండనిచ్చి, గింజలను పేడముద్దలో అద్ది, ఇంటి వెనక మట్టిగోడకు పిడకలా కొట్టేది. తొలకరి పడగానే ముద్ద పగలగొడితే గింజలు పురుగు పట్టకుండా నల్లగా మెరుస్తూ బయటికి వచ్చేవి. మేము వనపర్తికి వచ్చాక ఆ ఇంటికి తాళం పడింది. ఒక ముసురులో గోడ నాని కూలిపోయింది. పేడముద్దల్లోని గింజలు ఆ మట్టిలోనే మొలిచాయట. అవ్వ వెళ్లేసరికి మేకలు మొలకలను మేసి పోయాయి.

బూడిద కలిపి డబ్బాలో దాచుకున్న కొన్ని గింజలు మాత్రం ఆమె వెంట వచ్చాయి. మిద్దె మీద సిమెంటు సంచుల్లో ఎర్రమట్టి, మేకల ఎరువు నింపి అన్నీ పెట్టింది. తెల్లవంకాయ వచ్చింది, ఎర్రకాడ పుంటికూర వచ్చింది, చిక్కుడు పిట్టగోడంతా అల్లుకుంది. బీర ఒక్కటే మొండికేసింది. గింజలన్నీ పెడితే ఒక్క తీగ నిలిచింది.

అది అంగట్లో దొరికే పొడుగు బీర కాదు. మూరెడు కూడా ఉండదు. లావుగా, లేతాకుపచ్చగా, మెత్తని గీరలతో ఉంటుంది. కోస్తే చేతికి పచ్చి నువ్వుల వాసన అంటుతుంది.

"నా తల్లిగారింటి కాడికెళ్లి ఒడిల కట్టుకొచ్చిన గింజ బిడ్డా ఇది," అంది అవ్వ, తీగను పందిరి తీగెలకు ఎక్కిస్తూ. ఆమె పుట్టిల్లు కల్వకుర్తి దగ్గర. "ఆడ ఇల్లు లేదు, మనుషులు లేరు. గిదొక్కటే ఉన్నది. గిది గూడ పోతే నేను యాడికెళ్లి వచ్చిన్నో నాకే తెల్వదు."

ఈ ఒక్క తీగ కాయ కాసి, ఆ కాయ ఎండి, గింజ చేతికి రావాలి. లేకపోతే ఆ బీర ఇక లేదు.

తొలి పిందె పడిన రోజు పక్కింటి చిన్నమ్మ పిట్టగోడ అవతలి నుంచి చూసింది. నేను చిన్నమ్మ అని పిలవడమే గాని ఆమె మాకేమీ కాదు. గద్వాలలో నేతపని వాళ్ల ఇంట పుట్టి ఇక్కడికి కోడలిగా వచ్చింది. నోరు పెద్దది, మనసు మంచిది. "అయ్యో, పిందె పడ్డదే పెద్దమ్మా" అంటూ చూపుడువేలు చాచి చూపించింది.

పిందెకు వేలు చూపకూడదు. మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చూపాలనుకుంటే వేలు మడిచి, కణుపుతో చూపాలి. చాచిన వేలు తగిలితే పిందె కుళ్లి రాలుతుందంటారు. అవ్వ ముఖం మాడిపోయింది. కొన్ని రోజులకు ఆ పిందె పసుపుబారి రాలిపోయింది.

అప్పటి నుంచి అవ్వ పాత చీరలు చింపి, మొగ్గ కనిపిస్తే చాలు గుడ్డ చుట్టడం మొదలుపెట్టింది. బీరకు ఆడమొగ్గ ఏదో పూయకముందే తెలుస్తుంది, దాని వెనక చిటికెన వేలి గోరంత కాయ ఉంటుంది. అలాంటివన్నీ వెతికి, నెమ్మదిగా, పసిపిల్లకు టోపీ పెట్టినట్టు కట్టేది. పందిరి నిండా రంగురంగుల గుడ్డమూటలు.

"ఏం పెద్దమ్మా, బీరపూలకు గోషా పెట్టినవా?" అంది చిన్నమ్మ.

"నీ కండ్లకే పెట్టిన," అంది అవ్వ.

"నీ మనుమరాలు గూడ గట్లనే ఉన్నది. మనిషి కనవడితే తలుపు సాటుకు పోతది. దానికెన్ని గుడ్డలు సుట్టినవో."

నేను పుస్తకంలోకి ముఖం దించుకున్నాను. అవ్వ నవ్వింది. చిన్నమ్మ కూడా నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది గాని అది ఎవరికీ కనిపించకూడదనుకున్నాను.

గుడ్డ విప్పిన ప్రతిసారీ లోపల పసుపుబారిన పిందె ఉండేది. అవ్వ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసేది. దిష్టి బలమైనదనుకుని రెండో పొర చుట్టేది. ఎండలు ముదురుతున్నాయి. తీగ కింది ఆకులు ఎండిపోవడం మొదలైంది. అవ్వ రాత్రి అన్నం సగంలో లేచిపోతోందని అమ్మ నాతో అంది.

ఒకరోజు చదువుతున్న పుస్తకం ఒళ్లోనే ఉండిపోయింది. ఆకాశం కడిగిన రాగిచెంబులా ఉంది. మగపూలు గుత్తుల్లో ఒక్కొక్కటే తెరుచుకుంటున్నాయి. నా పక్కనున్న గుడ్డమూట ఒకటి మెల్లగా ఉబ్బింది. పల్చని తెల్లగుడ్డ లోపల పసుపు రంగు, చేతిలో పట్టుకున్న దీపంలా. పువ్వు లోపలే విచ్చుకుంది. ఇంతలో బూడిదరంగు రెక్కల పురుగు ఒకటి మగపూల మీద వాలి, అక్కడి నుంచి లేచి, ఈ గుడ్డ చుట్టూ తిరిగింది. గుడ్డ మీద వాలింది. నడిచింది. లేచి మళ్లీ వాలింది. తలుపు ఎటు వైపు ఉందో తెలియని చుట్టంలా కాసేపు తచ్చాడి వెళ్లిపోయింది.

పుప్పొడి గురించి బడిలో చదివాను. పరీక్షలో బొమ్మ గీసి రాశాను కూడా. అయినా ఆ సాయంత్రం దాకా మా పందిరికీ ఆ బొమ్మకీ సంబంధం ఉందని తోచలేదు. తొలి పిందె సంగతి తెలియదు గాని, తర్వాతివి చాచిన వేలికి రాలడం లేదు. చూపు తగలకూడదని కట్టిన గుడ్డే ఆ పురుగును కూడా ఆపేస్తోంది.

అవ్వతో ఎలా చెప్పాలి? డైరీలో అయితే రాసేయగలను. ఎదురుగా నిలబడి, నువ్వు ప్రేమతో కట్టిన గుడ్డే వాటిని రాల్చిందని ఎలా అనాలి? ఆ మాట రాత్రంతా నోట్లో చెరుకుపిప్పిలా ఉండిపోయింది. మర్నాడు సాయంత్రం కిందికి దిగి ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అవ్వా, జర మీదికి రా."

"పొద్దుగూకంగ నన్నెందుకే మీదికి? మోకాళ్లు వడ్తయి."

"ఒక్క పువ్వు నాకియ్యి."

"కొప్పుల పెట్టుకుంటవా బీరపువ్వు?"

"పెట్టుకోను. గుడ్డ ఇప్పుత. ఒక్కదానికే."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నేను ఆమెను ఏదైనా అడగడమే అరుదు. మెట్టు మెట్టుకు ఆగుతూ వచ్చింది. గుడ్డ తనే విప్పింది. ట్యాంకు పక్కన ఇద్దరం కూర్చున్నాం. ఎక్కడో బస్సు హారన్, ఎవరింట్లోనో కుక్కర్ విజిల్. మొగ్గ అంచు వదులైంది. పువ్వు తెరుచుకోవడం ఆ రోజు మొదటిసారి చివరిదాకా చూశాను. పురుగు వచ్చింది. మగపువ్వు మీద, తర్వాత దీని మీద.

అవ్వ ముందుకు వంగి చూసింది. "గిది మన ఊర్ల గూడ వస్తుండె. దీపం కాడికి వస్తదనుకుంటుంటి," అంది. మర్నాడు మిగిలిన గుడ్డలు మాత్రం అలాగే ఉన్నాయి.

ఆ ఒక్క పిందె నిలిచింది. పచ్చగా సాగడం మొదలైంది. అది నిజంగా పెరుగుతోందని నాకు ఖాయమైన ఉదయం అవ్వ మెట్లెక్కి వస్తుంటే ఆగలేకపోయాను.

"గదిగో అవ్వా, సూడు సూడు!"

నా చెయ్యి చాచి ఉంది. చూపుడువేలు సూటిగా పిందె మీదికి. ఇద్దరం అలాగే నిలబడిపోయాం. పిట్టగోడ అవతల బట్టలు పిండుతున్న చిన్నమ్మ కూడా ఆగింది.

"కొరుక్కో," అంది అవ్వ. "వేలు కొరుక్కో, జల్ది."

దోషం పోతుందని కొరుక్కున్నాను. చిన్నమ్మ బకెట్టు మీదికి వంగి నవ్వింది. "నేను సూపిస్తె పాపం పెద్దమ్మా, నీ మనుమరాలు సూపిస్తె పున్నెమా?"

ఆ తర్వాతి రోజులు నిద్రలో నడిచినట్టు గడిచాయి. దిష్టి మీద నాకు నమ్మకం లేదు. అయినా పొద్దున్నే పరుగెత్తి వెళ్లి పిందె తొడిమను చూసేదాన్ని. రాలిపోతే పురుగు మాట అవ్వ ఇక నమ్మదు. ఆ ఏడు మళ్లీ ఆడమొగ్గ వేసే బలం తీగకు లేదు. నా వేలే ఆమె పుట్టింటి చివరి గింజను తుంచేసినట్టు ఆమె మనసులో ఉండిపోతుంది.

కాయ రాలలేదు. ఒక పక్కకు కొద్దిగా వంగి, లావెక్కి, ముదిరి, గోధుమరంగుకు తిరిగింది. అవ్వ మిగిలిన గుడ్డలు ఎప్పుడు విప్పిందో తెలియదు. ఒకరోజు అవన్నీ ఉతికి తీగె మీద ఆరేసి ఉన్నాయి.

కాయ పూర్తిగా ఎండాక అవ్వ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపింది. లోపల గలగలమంది. నా చెవి దగ్గర కూడా ఊపింది. చిన్నప్పుడు గిలక్కాయ ఆడించినట్టు. కొనమూత ఊడదీసి కొంగులోకి ఒంపితే నల్లని గింజలు జారాయి. అందులోంచి గుప్పెడు తీసి నా చేతిలో పోసింది.

"పో, గోడవతల ఆమెకిచ్చి రా."

"నేనా?"

"నువ్వే. ఒక్క ఇంట్ల ఉంటె ఒక్క వానకే పోతయి. ఊర్ల గోడ కూలినప్పుడు సూడలేదా? రెండిండ్లల్ల ఉండాలె."

పిట్టగోడ మీదుగా ఇవ్వొచ్చు. కానీ గింజలను అలా ఇవ్వకూడదనిపించింది. కిందికి దిగి, వీధిలోకి వెళ్లి, వాళ్ల గడప ముందు నిలబడి పిలిచాను. చిన్నమ్మ వచ్చి కొంగు పట్టింది. ఈసారి వేళాకోళం చేయలేదు. ఎట్లా పెట్టాలని అడిగింది. నేను చెప్పాను, గుడ్డ సంగతి, పురుగు సంగతి, అంతా. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

ఈ ఏడు రెండు మిద్దెల మీదా బీరతీగలు ఉన్నాయి. అవ్వ గుడ్డలు పూర్తిగా మానలేదు. సాయంత్రాలు నా పక్కన కూర్చుంటుంది. ఉదయం, వాడి ముడుచుకున్న పువ్వు దగ్గర గుడ్డముక్క పట్టుకుని నిలబడి, కిందున్న నన్ను కేకేస్తుంది.

"ఓ పిల్లా, నిన్న మాపటీలి సూసినవు గదా. దీనికాడికి పురుగొచ్చిందా, రాలేదా? వస్తె సెప్పు, గుడ్డ కట్టుకుంట."