మొలకెత్తిన మోనాలిసా

మా ఊళ్ళో సామలు చల్లాలన్నా, మేం చోడి అనే రాగులు చల్లాలన్నా ముందు ముత్యాలమ్మకు కబురు వెళుతుంది. టైడా స్టేషన్లో దిగి కొండవాలు పట్టుకుని గంటసేపు నడిస్తే వచ్చే పాతిక గడపల ఊరు మాది. ఇక్కడ ఎవరి పొలమైనా ఆమె చెయ్యి పడాల్సిందే. చల్లేముందు కొండదేవతకు ఒక గుప్పెడు, పిట్టలకు ఒక గుప్పెడు తీసిపెట్టి దణ్ణం పెట్టుకుంటుంది. తర్వాత చెయ్యి ఇలా ఊపుతుంది. దట్టంగా కావలసినచోట దట్టంగా, పలచగా కావలసినచోట పలచగా గింజ వేళ్ళ సందుల్లోంచి దానంతటదే దిగుతుంది. మేమంతా ఎన్నిసార్లు చూసి నేర్చుకుందామన్నా రాలేదు. అది భగవంతుడు ఆమెకు ఇచ్చిన చెయ్యి.

ఆ చెయ్యే రెండేళ్ళుగా పైకి లేవడం లేదు. రోకలి వల్ల వచ్చిన తంటా అది. సామల పొట్టు అంత తేలిగ్గా ఊడదు. పూట అన్నానికి ఇద్దరు ఆడవాళ్ళు రోలు దగ్గర నిలబడి దంచాలి, చెరగాలి, మళ్ళీ దంచాలి. మొన్న తొలకరికి చల్లేటప్పుడు ముత్యాలమ్మ పొలం మధ్యలో ఆగిపోయి, ఎడమచేత్తో కుడి భుజం పట్టుకుని కాసేపు నిలబడింది.  గట్టుమీద ఉన్న ముసలి సుక్రు సొరకాయ బుర్రతో నీళ్ళు పట్టుకెళ్ళి ఇచ్చి, "తాగమ్మా, తొందరేటి లేదు" అన్నాడు.

అలాంటి రోజుల్లో మా బడి పంతులు వరహాలరావు మాస్టారు ఒక కాగితం పట్టుకుని పరుగులాంటి నడకతో వచ్చారు. ఆయనది కింద శృంగవరపుకోట వైపు. ఏ వార్తా నిదానంగా చెప్పలేరు.

"అమ్మలూ, బేగి రండి! ఆదివాసీ దినోత్సవానికి మహిళా సంఘాలకి పోటీ పెట్టారు. పేరున్న బొమ్మని ఒకదాన్ని తిండిగింజలతోనే దించాల. రంగు ముట్టుకోకూడదు. మన ఊళ్ళో పండిందే వాడాల. ఆదివారం మధ్యాహ్నానికి మన ఊరికే వచ్చి చూస్తారట. మొదటి బహుమతి ఏటో తెలుసా? సామల పొట్టు తీసే మర!"

ముత్యాలమ్మ చేట కింద పెట్టింది. "మరా? నిజం మరే?"

"నిజం మరే. కరెంటుతో నడుస్తుంది. గంటలో బస్తా."

ఆమె కుడి భుజాన్ని ఒకసారి నిమురుకుని, "బొమ్మేదీ, సూపించండి" అంది.

మాస్టారు చూపించారు. ముదురు రంగు గుడ్డలు కట్టుకుని, చేతిమీద చెయ్యి వేసుకుని కూర్చున్న ఒకావిడ. వెనకాల కొండలు, వంకర దారి, నీళ్ళు. "దీన్ని మోనాలిసా అంటారు. గీసి అయిదొందల ఏళ్ళు దాటింది. ప్రపంచమంతా వెళ్ళి చూసి వస్తారు."

"ఈ గుంటకి కనుబొమ్మలేవి మాస్టారూ?" అంది ముత్యాలమ్మ.

"లేవమ్మా. అలాగే ఉంటుంది."

"అదృష్టం. అంత గింజ మిగిలింది."

ఆమె తోటికోడలు అప్పలనర్సమ్మ నోరు చురుకైన మనిషి. కాగితం లాక్కుని చూసి, "ఇది నవ్వుతోందా, మూతి బిగించిందా?" అంది.

ముత్యాలమ్మ చాలాసేపు చూసింది. "పక్కింట్లో మొగుడూ పెళ్ళాం దెబ్బలాడుకుంతంటే ఇని, ఇననట్టు కూకుంది. అదీ దీని నవ్వు."

మా మహిళా సంఘంలో పన్నెండుమందికీ ఆ బొమ్మ అప్పటినుంచి చుట్టమైపోయింది.

మంగళవారం పొద్దున్నే మొదలుపెట్టాం. మాస్టారు ఎక్కడినుంచో పెద్ద చెక్క తెప్పించారు గాని ముత్యాలమ్మ ఒప్పుకోలేదు. "గింజని సెక్క మీద పోత్తారేటి? అలికిన నేలమీదే పొయ్యాల." బడి వరండాను కళ్ళంలా పేడతో అలికాం. మాస్టారు కాగితంమీద గళ్ళు గీసి, నేలమీద అవే గళ్ళు ముగ్గుపిండితో పెద్దవిగా గీసి, ఆకారం పెట్టారు. జుట్టుకు వేయించి దంచిన కాఫీ పొడి. కట్టుకున్న గుడ్డలకు చోడి. కొండలకూ దారికీ కొర్రలు. మొహానికీ చేతులకూ సామలు. ఇక్కడే చిక్కొచ్చింది. ఆ నెలలో ఎవరింట్లోనూ తినేందుకు తప్ప సామలు మిగల్లేదు.

సుక్రు వెదురుబుట్ట ఎత్తుకుని వచ్చాడు. వేపాకు, బూడిద కలిపి దాచిన విత్తనం. "మళ్ళీ సల్లాల్సొస్తే ఉంటాదని దాసినాను. దేవుడి దయ, వానలు బాగా పడ్డాయి. తీసుకో" అన్నాడు. అది చూసి ఇంటింటివాళ్ళూ మిగిలిన విత్తనాలు తెచ్చి పోశారు. చోడి, కొర్రలు, అన్నీ విత్తనాలే. ఎవరి బుట్ట ఎంతని ఎవరూ చూసుకోలేదు.

ముత్యాలమ్మ పని చూడాలి! గింజను పేర్చదు, చల్లుతుంది. చెంప దగ్గర సామల్లో పిడికెడు చోడి కలిపి, మోకాళ్ళమీద కూర్చుని, మణికట్టు మాత్రం కదిపింది. భుజం ఎత్తే పని లేదు. వెలుగున్నచోట ఒత్తుగా, నీడ పడేచోట పలచగా గింజ జారింది. ముక్కు లేచింది. గడ్డం కింద నీడ నిలిచింది. బుధవారం మధ్యాహ్నం ఆమె పెదవుల మూలన నాలుగు గింజలు వేలికొసతో జరపగానే, ఆ అమ్మాయి పక్కింటి గొడవ విన్నది!

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. 

గాలి మొదలైంది. గింజ లేచిపోకుండా పైన నీళ్ళు చిలకరించాం. తడి గోనెసంచులు కప్పాం. ఆ సాయంత్రమే వాన దిగింది. గురు, శుక్ర, శనివారాలు ముసురు వదల్లేదు. విప్పితే గాలికి పోతుందని ఎవరమూ గోనె ముట్టుకోలేదు. ఎన్ని వందలసార్లు నారు పోసిన చేతులు మావి! గింజ తడిపి, గోనె కప్పితే ఏమవుతుందో మా పిల్లలను అడిగినా చెబుతారు. ఆ మూడురోజులూ మాకు అది విత్తనమని గుర్తే రాలేదు. మనిషిని పడుకోబెట్టి దుప్పటి కప్పామనే అనుకున్నాం.

ఆదివారం తెల్లారి వాన వెలిసింది. గోనె ఒక అంచు సుక్రు ఎత్తాడు, ఒక అంచు నేను ఎత్తాను.

"ఓలమ్మో!"

మోనాలిసాకు గడ్డం వచ్చింది. మీసం వచ్చింది. నుదుటినిండా, బుగ్గలనిండా అంగుళం పొడుగు లేతపసుపు మొలకలు. చేతులమీద వెంట్రుకల్లా నిలబడ్డాయి. కొండలు, గుడ్డలు, అన్నీ మొలిచాయి. కాఫీ పొడి జుట్టు ఒక్కటే బుద్ధిగా ఉంది.

"మొగోడైపోయిందే!" అంది అప్పలనర్సమ్మ.

ముత్యాలమ్మ గోడకు ఆనుకుని కూలబడింది. "మర పోయింది" అంది చిన్నగా. అంతే. ఆమె కుడిచెయ్యి ఒళ్ళో ఉంది. నేను దాన్నే చూస్తూ ఉండిపోయాను.

సుక్రు మాత్రం వంగి, బుగ్గను పరీక్షగా చూస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది. "సూసినావా? ఒక్క గింజ తాలు లేదు. నా ఇత్తనం!"

ఆ మాటకు ముందు మాస్టారికి నవ్వొచ్చింది. తర్వాత అందరికీ. ముత్యాలమ్మ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారి ఆగిపోయింది.

"దంచిన గింజ మొలవదు కదే?" అంది.

  ఆమె లేచి నిలబడింది. "కొండలు మొలిస్తే మంచిదే, కొండలు పచ్చగానే ఉంటాయి. గుడ్డలూ ఉండనీండి. మొహం, మెడ, చేతులు కలుపు తియ్యండి. అక్కడ దంచిన సామలు పోద్దాం. మాస్టారూ, ఎంత టైమున్నాది?"

"మధ్యాహ్నం అన్నారు. పొద్దుటి కిరండోల్ పాసింజరే ఇంకా వెళ్ళలేదు, టైముంది."

ఇక చూడండి మా ఊరు! నలుగురం మోకాళ్ళమీద కూర్చుని మోనాలిసా మొహంలో కలుపు తీశాం. ఆ సామల మొలకలు సుక్రు పారెయ్యనివ్వలేదు, బుట్టలో వేసుకుని తడిగుడ్డ కప్పుకున్నాడు. అడ్డాకులు కడిగి, తుడిచి, మొహం, మెడ, చేతుల మేర పరిచాం, కింది తడి తగలకుండా. ఇంటింటికీ తినడానికి ఉంచుకున్న సామలు వచ్చేశాయి. నాలుగు రోళ్ళు వరండా ముందుకు దొర్లించారు. ముత్యాలమ్మ రోకలి అందుకోబోతే అప్పలనర్సమ్మ లాగేసుకుంది.

"నీకేటి పని ఇక్కడ? పో."

"నేనూ దంచుతానే."

"నువ్వు దంచితే సల్లేదెవరు, నీ అత్తా? చెయ్యి దాసుకో. ఎల్లి కూకో!"

ఆ తోటికోడళ్ళు పదేళ్ళుగా ఒకరినొకరు మెచ్చుకోగా నేను వినలేదు. ఆ రోజు విన్నాను.

దంచాం. చెరిగాం. మళ్ళీ దంచాం. పాసింజరు కూత వినబడింది, వెళ్ళిపోయింది. చేతులు బొబ్బలెక్కాయి. చేట నిండగానే అక్కడ ముత్యాలమ్మ మణికట్టు కదులుతోంది. పొట్టు తీసిన సామ వెన్నరంగులో ఉంటుంది. మొదటిసారి కంటే మొహం బాగా వెలిగింది. ఎండ తగిలి వెనక కొండలు చూస్తుండగానే పచ్చబడుతున్నాయి. చివరి పిడికెడు పెదవి దగ్గర పడేసరికి మలుపులో జీపు హారన్ మోగింది.

వచ్చింది ఇద్దరు. సౌందర్య అనే చిన్నవయసు ఆఫీసరమ్మ, ఆమెతో ఒక డ్రాయింగ్ మాస్టారు. దిగుతూనే ఆఫీసరమ్మ, "కొండ కిందనుంచీ దబదబమని చప్పుడు వింటున్నాం, ఏమిటది?" అంది. బొమ్మ చూసి గబగబా దగ్గరికి వచ్చింది. డ్రాయింగ్ మాస్టారు వంగి, నడుం మీద చేతులు పెట్టుకుని, బొమ్మ చుట్టూ రెండుసార్లు తిరిగారు.

"ఈ నీడ ఎలా వేశారమ్మా?"

 ముత్యాలమ్మ గుప్పెడు తీసి ఆయన చాచిన అరచేతిలో చల్లి చూపించింది. ఒక అంచున ఒత్తుగా, ఒక అంచున పలచగా. ఆయన ఆ చెయ్యి దులుపుకోకుండా అలాగే పట్టుకున్నారు.

"అంతా మొలిచింది, మొహం ఒక్కటే ఎందుకు మొలవలేదు?" అంది ఆఫీసరమ్మ.

"దంచిన గింజ మొలవదమ్మా."

"ఎవరు దంచారు?"

ముత్యాలమ్మ మమ్మల్ని చూపించింది. చెమట్లు కారుతూ, జుట్టునిండా పొట్టుతో, రోకళ్ళు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నాం. ఆఫీసరమ్మ చెప్పులు విడిచి, అప్పలనర్సమ్మ చేతిలో రోకలి తీసుకుని దంచింది. ఎనిమిదో దెబ్బకు ఆగి ఊపిరి పీల్చుకుంది. రోట్లో గింజ చూసింది. పొట్టు ఊడలేదు.

"రోజూ ఇంతేనా?"

"పండగరోజు ఇంకొంచెం ఎక్కువ" అంది అప్పలనర్సమ్మ.

ఇంకా రెండు ఊళ్ళు చూడాలని, సాయంత్రం చెబుతామని వెళ్ళిపోయారు.

తిండిగింజను నేలమీద రాత్రికి వదలడం మాకు లేదు. మొహం, మెడ, చేతులు అడ్డాకులతో సహా జాగ్రత్తగా ఎత్తి, కడిగి, బెల్లం వేసి పరమాన్నానికి ఎక్కించాం. చోడి మొలకలు నారుమడిలోకి పోయాయి. గుండిగ ఉడుకుతుండగా మాస్టారి ఫోను మోగింది. ఆయన "ఆ... ఆ..." అంటూ బడి మెట్లెక్కి, దిగి, మళ్ళీ ఎక్కారు.

"ఏటంతన్నారు మాస్టారూ, సెప్పండి!"

"మర మనదే!" అని ఆయన అరిచిన అరుపుకు కోళ్ళు చూరెక్కాయి.

పిల్లలు గెంతారు. సుక్రు తలపాగా విప్పి గాల్లో తిప్పాడు. ముత్యాలమ్మ కొండవైపు తిరిగి, ఎడమచెయ్యి ఆసరాతో కుడిచెయ్యి కూడా లేపి, రెండుచేతులూ జోడించింది. మొదటి గరిటె ఆకులో తీసి దేవతకు పక్కన పెట్టింది.

"మనం దంచిన ఆఖరి గింజ ఇదేనమ్మా, అందరూ తినండి" అంటూ వడ్డన మొదలుపెట్టింది.

అప్పలనర్సమ్మ ఆకు ముందుకు జరిపింది. "నాకు ముక్కు దగ్గరది వెయ్యి. అది నేను దంచింది."